మా గానుగకు కొత్త పేరు, కొత్త వెబ్‌సైటు: తలా ఒక చెయ్యి వేసిన అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

వనపర్తిలో మా కట్టె గానుగకు ఈ దసరా నుంచి కొత్త పేరు వచ్చింది. బోర్డు మారింది, సీసాల మీద లేబుల్ మారింది, వెబ్‌సైటు మొత్తం మళ్లీ మొదటి నుంచి కట్టించాం. షాపుకొచ్చినవాళ్లు "మస్తుగుందమ్మా, ఎవరు చేసిన్రు?" అని అడుగుతున్నారు. ఎవరు చేశారో, ఎంత ఓపికగా చేశారో నలుగురికీ తెలియాలని ఈ పోస్టు రాస్తున్నాను. అమ్మకం కోసం రాస్తున్నది కాదు గనక షాపు పేరు, లింకు ఇందులో పెట్టడం లేదు. సాయం చేసినవాళ్లు కూడా తమ పేర్లు వద్దన్నారు. అందుకే చెల్లె, తమ్ముడు, సార్ అనే రాస్తాను.

పేరు ఎందుకు మార్చాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. మా మామ ఎద్దు గానుగ తీసేసి మోటారు గానుగ పెట్టినప్పుడు ముందు పాలమూరు, వెనక గానుగ నూనె అని పేరు పెట్టారు. అప్పట్లో ఈ చుట్టుపక్కల ఆ పేరుతో ఇంకొకరు లేరు. 2016లో వనపర్తి పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి విడిపోయి వేరే జిల్లా అయ్యాక కూడా మేం ఆ మాట వదల్లేదు. మాది పాలమూరే కదా. కానీ ఈ కొన్నేళ్లలో ఊరూరా గానుగలు వచ్చాయి, సగం బోర్డుల మీద అవే మాటలు. ఒకసారి బొంబాయి నుంచి మనవాళ్లే ఒకాయన ఫోన్ చేసి, నూనె ముక్కిన వాసన వస్తోందని చెడామడా తిట్టాడు. డబ్బా ఫోటో పంపమంటే పంపాడు. పేరు దాదాపు మాదే, అడ్రసు మాది కాదు. ఆయన తప్పేం లేదు. ఊరి పేరు చూసి నమ్మి కొన్నాడు. అట్లాంటి ఫోన్లు తర్వాత కూడా వచ్చాయి.

మహబూబ్‌నగర్‌లో ఉండే వకీల్ సాబ్‌ దగ్గరికి వెళ్లి, వాళ్ల మీద కేసు వేయొచ్చా అని అడిగాం. ఆయన మా నూనె వాడతారు, అంతకుమించి మాకు చుట్టం కాదు. కూర్చోబెట్టి చెప్పారు: 1999 ట్రేడ్ మార్క్స్ చట్టంలో తొమ్మిదో సెక్షన్ ఉంది, ఉత్త ఊరి పేరు, ఉత్త సరుకు పేరు కలిపి పెట్టుకుంటే దాన్ని నాదొక్కరిదే అనడానికి మామూలుగా కుదరదు. "పాలమూరు అందరిది, గానుగ అందరిది. నువ్వు వాళ్లను ఆపలేవు బిడ్డా. నీకంటూ ఒక పేరు పెట్టుకో, దాన్ని నేను కాపాడిపెడ్త" అన్నారు. కేసు వేద్దామని ఆశ పెట్టి ఫీజు తీసుకునే వీలున్నా ఆయన ఆ పని చేయలేదు. కొత్త పేరుకు ట్రేడ్ మార్క్ దరఖాస్తు కూడా ఆయనే ఆన్‌లైన్‌లో వేశారు. ట్రేడ్ మార్క్ కోసం సరుకులను క్లాసులుగా విడదీస్తారు, వంట నూనెలు 29వ క్లాసులోకి వస్తాయట. మాలాంటి చిన్న వ్యాపారానికి ప్రభుత్వ ఫీజు 4,500 రూపాయలు. మా దగ్గర తీసుకున్నది అంతే, తన ఫీజు ఒక్క రూపాయి ముట్టలేదు. లేబుల్ నమూనా చూపించినప్పుడు పేరు పక్కన సున్నా చుట్టిన ఆర్ గుర్తు ఉంటే పెన్నుతో కొట్టేశారు. రిజిస్ట్రేషన్ కాకముందు ఆ గుర్తు వేస్తే 107వ సెక్షన్ కింద తప్పని, అప్పటిదాకా టీఎం అని మాత్రమే వేసుకోవాలని చెప్పారు. ఆ ఒక్క గీతతో మమ్మల్ని పెద్ద చిక్కు నుంచి తప్పించారు.

కొత్త పేరు మా అత్తమ్మ వాళ్ల అత్తమ్మది. ఎద్దు గానుగ నడిపిన మనిషి. ఆ పేరు పెడదామన్నది మా ఆయన. అది విని మా అత్తమ్మ కళ్ల నీళ్లు పెట్టుకుంది.

ఇక చెల్లె సంగతి. కొత్తకోట పిల్ల. హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలకు డిజైన్లు చేసింది, ఇప్పుడు ఇంటి నుంచే పని చేసుకుంటోంది. నూనె కోసం వచ్చినప్పుడు మాటల్లో మా ఇబ్బంది విని, "నేను చేస్త అక్కా" అంది. లోగో గీసి తెస్తుందనుకున్నాం. కానీ ఆమె పొద్దున్నే నోట్‌బుక్ పట్టుకొని వచ్చి గానుగ పక్కన స్టూలు వేసుకొని కూర్చుంది. రోలులో గింజ పోయడం దగ్గర నుంచి మొదలుపెట్టి అన్నీ చూసింది. పిండి ముద్ద కట్టేటప్పుడు నీళ్లు ఎందుకు చిలకరిస్తారు? లీటరుకు ఎంత గింజ పడుతుంది? డ్రమ్ములో ఎన్నాళ్లు తేరనిస్తారు? ఎండలో పెట్టడమెందుకు? మా పనోడు అన్నిటికీ చెప్పాడు. గింజ బాగుంటే లీటరుకు రెండున్నర కిలోలు పడుతుందని, అందుకే గానుగ నూనె ధర ఎక్కువని అతను చెప్పింది చెప్పినట్టు చెల్లె రాసుకుంది.

తర్వాత మా అత్తమ్మ దగ్గర కూర్చుంది. "కొనేటోళ్లు నిన్ను ఏమేం అడుగుతరు పెద్దమ్మా?" అని ఒక్కటే ప్రశ్న వేసింది. మా అత్తమ్మకు ఇన్నేళ్లలో అడిగినవాళ్లే గానీ, ఏం అడుగుతారో అడిగినవాళ్లు లేరు. చెప్పుకుంటూ పోయింది. సీసా అడుగున మడ్డి ఎందుకు దిగింది? పూరీలు కాలుస్తుంటే నురగ ఎందుకొస్తోంది? పోయినసారి కంటే రంగు తేడా ఉందేంటి? లీటరు సీసా తూకం వేస్తే కిలో లేదేంటి, మోసం చేస్తున్నారా?

ఆ నోట్‌బుక్కులో పేజీలే ఇవాళ మా వెబ్‌సైటు మొదటి పేజీ. పెద్ద బొమ్మ, పెద్ద మాటలు ఏమీ లేవు. అత్తమ్మను జనం అడిగే ప్రశ్నలు, వాటికి సూటిగా జవాబులు. మడ్డి అంటే బట్టలో వడగట్టినా మిగిలిన గింజ పొడి, కదపకుండా ఉంచితే అడుగున దిగుతుంది. రీఫైన్డ్ నూనెలో రంగు, వాసన, జిగురు అన్నీ తీసేస్తారు. గానుగ నూనెలో ఆ జిగురు, కాస్త తేమ ఉండిపోతాయి గనక కాగేటప్పుడు నురగ వస్తుంది, అందుకని మూకుడు నిండా పోయొద్దు. నూనె నీళ్లకంటే తేలిక, లీటరు పల్లి నూనె దాదాపు 910 గ్రాములే తూగుతుంది. లేబుల్ మీద లీటరుతో పాటు గ్రాములు కూడా వేయించింది చెల్లెనే. తూకం గొడవ ఇప్పుడు దాదాపు పోయింది. ఇంత మామూలు సంగతి ఏ పాంప్లెట్‌లోనూ మేం అంతకుముందు చెప్పుకోలేదు.

ఆమెకు నేను అన్నిటికంటే ఎక్కువ రుణపడింది ఇంకోదానికి. మా పాత సైటులో, దాన్ని కట్టినవాళ్లు ఎక్కడి నుంచో తెచ్చి అంటించిన రాతలు ఉండేవి. ఈ నూనె వాడితే షుగరు తగ్గుతుంది, కొలెస్ట్రాల్ కరుగుతుంది, గుండెపోటు రాదు అని. చెల్లె మొదటి రోజే అవన్నీ తీసేయాలంది. మా ఆయన కొంచెం వెనకాడారు. అవి చదివే కొంటున్నారు కదా, తీసేస్తే ఎట్లా అని. ఆమె నెమ్మదిగానే చెప్పింది: "షుగరున్న ముసలాయన ఇది చదివి మాత్ర మానేస్తే ఎట్ల బావా?" ఆ మాటకు ఎవరం బదులు చెప్పలేకపోయాం. చట్టం సంగతి తర్వాత చెప్పింది. 2006 ఆహార భద్రతా చట్టం 53వ సెక్షన్ ప్రకారం జనాన్ని తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా వేయొచ్చు. రోగం నయమవుతుందని ఆహారానికి ప్రచారం చేయకూడదని 2018 నిబంధనలు చెబుతున్నాయి. వంట నూనెల మీదైతే కొలెస్ట్రాల్‌తో పోరాడుతుంది, గుండెకు హాయి లాంటి మాటలే రాయకూడదు.

ఆ రాతలు తీసేసిన చోట ఆమె ల్యాబ్ రిపోర్టు పెట్టించింది. గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు శాంపిల్ పంపించి, వచ్చిన కాగితాన్ని ఉన్నదున్నట్టు పెట్టి, పక్కన తెలుగులో అర్థం రాసింది. స్వచ్ఛమైన పల్లి నూనెకు 40 డిగ్రీల వేడి దగ్గర బీఆర్ రీడింగ్ (నూనె వెలుగును ఎంత వంచుతుందో చెప్పే కొలత) 54.0కూ 57.1కూ మధ్య ఉండాలి, వేరే నూనె కలిపితే చాలాసార్లు అది పక్కకు జరుగుతుంది. నూనెలో విడిపోయిన ఆమ్లం ఎంతుందో చెప్పే ఆమ్ల విలువ 6 దాటకూడదు. బూజు పట్టిన గింజలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది కాబట్టి దానికీ పరీక్ష చేయించాం. ఇవి నిజంగా మా నూనె గురించి చెప్పే మాటలు. ఏ నూనెలోనైనా 100 గ్రాములకు సుమారు 900 కేలరీలు ఉంటాయని, గానుగ నూనె అయినా కొద్దిగానే వాడుకోవాలని కూడా అదే పేజీలో ఉంది. పల్లీలు పడనివాళ్లకు హెచ్చరిక కూడా ఉంది. నూనె అమ్ముకునేవాళ్లం మేమే కొద్దిగా వాడమని రాయడం చూసి ఒక డాక్టరమ్మ ఫోన్ చేసి మెచ్చుకున్నారు. ఆ మెప్పు చెల్లెకే చెందాలి.

ఇంక అక్షరాల పని. మా పాత లేబుళ్లు, పాంప్లెట్లు అన్నీ ఫ్లెక్సీ షాపులో "అను" అనే పాతకాలపు తెలుగు ఫాంట్లలో కొట్టినవి. ఆ మేటరు తీసుకొచ్చి వెబ్‌సైటులో పెడితే ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు కలిసిపోయి ఏదో గజిబిజి కనబడుతుంది. ఫ్లెక్సీ షాపు అన్న పెళ్లిళ్ల సీజన్‌లో తన పని పక్కన పెట్టి, మేటరు మొత్తం యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగుగానే కనబడే పద్ధతిలోకి, మార్చి ఇచ్చాడు. మార్చేటప్పుడు వత్తులు తారుమారవుతాయి. అందుకని రిటైరైన తెలుగు సార్ పక్కన కూర్చొని వాక్యం వాక్యం చదివి దిద్దారు. సార్ మా ఆయనకు హైస్కూల్లో చదువు చెప్పారు. "నాణ్యతకు మారుపేరు" అని ఉన్నచోటల్లా కొట్టేసి, "ఇది ఎవరైనా రాసుకుంటరు, నీ గింజ ఏ నేలల పండిందో రాయి" అన్నారు. ఇప్పుడు ఆ పేజీలో మన చల్క (ఎర్ర ఇసుక) నేలలు, యాసంగి పంట, కే-6 అనే పల్లి రకం, రైతులు చెట్లు పీకి కాయలు పైకి ఉండేట్టు తిప్పి ఆరబెట్టే పద్ధతి అన్నీ ఉన్నాయి. బూజు రాకుండా చూసేది ఆ ఆరబెట్టడమే. తమ పొలాల్లో ఫోటోలు తీసుకోనిచ్చిన పెబ్బేరు, పానగల్లు వైపు రైతులకు, అడ్డం వస్తున్నామని విసుక్కోని కూలి ఆడబిడ్డలకు కూడా ఇక్కడే దండం పెడుతున్నాను.

బోర్డు మీద అక్షరాలకు చెల్లె ఎంచిన ఫాంటు పేరు సురవరం. మన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు మీద వచ్చిన ఫాంటు అది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టిన ఆయన, 1952 ఎన్నికల్లో గెలిచింది మన వనపర్తి నుంచే. సార్‌కు ఈ సంగతి చెప్పగానే బోర్డు దగ్గర చాలాసేపు నిలబడి చూశారు.

తమ్ముడిది కనబడని పని. మన పాలిటెక్నిక్‌లో, అదే రాజావారి కోటలో డిప్లొమా చేసి ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, చెల్లెకు క్లాస్‌మేట్. పాత వెబ్‌సైటు అడ్రసు మా పేరు మీద లేదని బయటపెట్టింది అతనే. కట్టినవాళ్లు తమ మెయిల్ మీద రిజిస్టర్ చేసుకొని, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. తమ్ముడు మేం కట్టిన బిల్లులన్నీ వెతికించి, వాళ్లతో గొడవ పడకుండా మర్యాదగా వెంటపడి, అడ్రసును మా పేరు మీదికి మార్చుకునే ట్రాన్స్‌ఫర్ కోడ్ రాబట్టాడు. ఇప్పుడు పాతది, కొత్తది రెండూ మా పేరు మీద, మా మెయిల్ మీద ఉన్నాయి. ఆ అడ్రసు పోయుంటే ఇన్నేళ్లుగా మమ్మల్ని దాని ద్వారా వెతుక్కున్న మనిషి ఎక్కడికి పోయేవాడో తలుచుకుంటేనే భయం.

పాత అడ్రసు కొట్టినవాళ్లు నేరుగా కొత్త సైటుకు రావాలని పేజీకి పేజీ 301 దారి మళ్లింపు పెట్టాడు. నువ్వుల నూనె పాత పేజీ తెరిస్తే కొత్త నువ్వుల నూనె పేజీయే రావాలి, అందరినీ మొదటి పేజీలో పడేయకూడదని పట్టుబట్టి చేశాడు. అడ్రసు మారిందని గూగుల్‌కు, సైటు నడిపేవాళ్ల కోసం అది పెట్టిన సెర్చ్ కన్సోల్‌లో చెప్పాడు. కనీసం ఏడాది పాటు పాత అడ్రసుకు డబ్బు కట్టడం ఆపొద్దని మా గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టి పోయాడు. గూగుల్ మ్యాపులో కొత్త ప్రొఫైల్ తెరవకుండా ఉన్నదాంట్లోనే పేరు మార్పించాడు. అందుకే మీరు ఇన్నేళ్లుగా రాసిన రివ్యూలు ఒక్కటీ పోలేదు.

ఫోన్‌లో చూస్తే "పల్లి నూనె" అనే బటన్ మీద ల-వత్తు సగానికి తెగి కనబడేది. ఇంగ్లిషు అక్షరాల కొలతకు కట్టిన బటన్లలో కింద వత్తుకు చోటుండదట. పట్టించుకోకుండా వదిలేసినా ఎవరూ అడిగేవాళ్లు కాదు. తమ్ముడు లైను ఎత్తు పెంచి, ఒక్కో ఫోన్‌లో ఒక్కో పేజీ తెరిచి, అన్ని వత్తులూ నిండుగా కనబడేదాకా వదల్లేదు. నాకు చూపించి "ఇప్పుడు చూడక్కా" అన్నప్పుడు అతని ముఖంలో సంతోషం నేను మర్చిపోలేను.

పెబ్బేరులో ఉండే మా పెద్దమ్మ ఈ సైటుకు మొదటి పరీక్షాధికారి. ఆమెది పాత ఫోన్, సిగ్నలు అంతంత మాత్రం. ఆమె ఫోన్‌లో తెరుచుకోకపోతే సైటు పూర్తయినట్టు కాదని చెల్లె షరతు పెట్టింది. పాత సైటులో ఒక్కో ఫోటో ఐదారు ఎంబీలు ఉండేది, తిరుగుతూనే ఉండేది. ఇప్పుడు అన్నీ చిన్నగా కుదించారు. పెద్దమ్మ తెరిచి చూసి, "బొమ్మలు బాగున్నయ్ గానీ ఫోన్ నంబరేది బిడ్డా? నాకు మాట్లాడాల్సుంటది" అంది. అదే రోజు నంబరు అన్ని పేజీల్లో పైకెక్కింది, వేలు పెడితే ఫోన్ కలుస్తుంది. ఆర్డర్లలో సగం ఇప్పటికీ ఫోన్ మీదే వస్తున్నాయి. ఆ మాట చెప్పినందుకు పెద్దమ్మకు నా నమస్కారం.

జీఎస్టీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార) లైసెన్సు, ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా, ఆన్‌లైన్ డబ్బులు తీసుకునే పేమెంట్ గేట్‌వే, అన్నిట్లో పేరు మార్పు మా ఆడిటర్ సార్ వరసలో చేయించారు. ముందు ఏది, వెనక ఏది అని ఆయన రాసిచ్చిన చీటీ లేకపోతే ఆన్‌లైన్ డబ్బులు మధ్యలో ఆగిపోయేవి. సీసాల మీద "ఇంతకుముందు" అని పాత పేరు చిన్నగా వేసిన స్టిక్కరు కొన్నాళ్లు ఉంచమన్నది కూడా ఆయనే. ఊళ్ల నుంచి డబ్బాలు ఆర్టీసీ కార్గోలో తీసుకుపోయే పాత ఖాతాదారులు ఆ స్టిక్కరు చూసి ధైర్యపడ్డారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, లేకపోతే సగం చెప్పినట్టవుతుంది. చెల్లె, తమ్ముడు బయట ఈ పనికి ఎంత తీసుకుంటారో తర్వాత ఇంకొకరి ద్వారా తెలిసింది. మా దగ్గర అందులో కొంచెమే, అదీ మేం బతిమాలితే తీసుకున్నారు. డిజైన్ ఫైళ్లు, పాస్‌వర్డులు, ఫాంట్లు, ఫోటోలు అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి నా చేతికిచ్చి, "రేపు మేం లేకున్నా మీ పని ఆగొద్దక్కా" అంది చెల్లె. ధర మార్చడం, స్టాకు లేనప్పుడు తీసేయడం నాకే నేర్పింది. ఇప్పుడు వాటికి ఎవరినీ అడగడం లేదు. పాత సైటుతో పడిన అవస్థ తర్వాత ఆ పెన్‌డ్రైవ్ విలువ మాకు తెలుసు.

పేరు మారిందని తెలిసి కూడా అదే నమ్మకంతో వస్తున్న పాత ఖాతాదారులకు, బొంబాయి, పుణె నుంచి ఫోన్ చేసి "మనదేనా?" అని కనుక్కొని మరీ కొంటున్న మనవాళ్లకు కృతజ్ఞతలు. ఆ రోజు తిట్టిన ఆయన ఇప్పుడు మా దగ్గరే తీసుకుంటున్నాడు. మా అత్తమ్మతో మాట్లాడనిదే ఫోన్ పెట్టడు.

పాలమూరు, నల్లగొండ వైపు చిన్న దుకాణం నడుపుతూ పేరు మార్చే ఆలోచనలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఆడిటర్ సార్ చీటీ, తమ్ముడు రాసిన సైటు పనుల వరస నా దగ్గర ఉన్నాయి. అందరికీ ఇవ్వమని వాళ్లే చెప్పారు. కామెంటులో అడగండి, పంపిస్తాను. మధ్యాహ్నం మూడు దాకా గానుగ నడుస్తుంటుంది, ఆ శబ్దంలో ఫోన్ వినబడదు. మాట్లాడాలంటే ఆ తర్వాత చేయండి.